బాలికల జట్టులో ఆడతానని ట్రాన్స్‌జెండర్ పిల్ల అడిగితే పీఈటీ ఏం చేయాలి

ఇది తోటి పీఈటీల (వ్యాయామ ఉపాధ్యాయుల) కోసం రాస్తున్నాను. హెచ్.ఎం.లు, కరస్పాండెంట్లు, తల్లిదండ్రులు చదివినా మంచిదే. నేను ఉప్పల్ వైపు ఒక ప్రైవేటు బడిలో పీఈటీని. చదువుకునే రోజుల్లో ఉస్మానియా తరఫున కబడ్డీ ఆడాను. ఇప్పుడు బాలికల కబడ్డీ, ఖోఖో జట్లు నేనే చూస్తాను.

అమెరికాలో ఏదో ఒక బడి మీట్‌లో పతకం గురించి గొడవ జరిగితే చాలు, మర్నాటికల్లా ఆ వీడియో మా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. "మన బడిలో ఇలాంటివి రానివ్వకండి మేడమ్" అని ఒకరు రాస్తారు. "పాపం, ఆ పిల్లలు మాత్రం ఎక్కడికి పోతారు" అని ఇంకొకరు. మా బడిలో ఆ ప్రశ్నను ఒక పిల్లే వచ్చి అడిగింది. రిజిస్టర్‌లో మగపిల్లాడిగా ఉండి, తను అమ్మాయినని చెప్పుకునే ఒక విద్యార్థి, ఖోఖోలో అమ్మాయిల వైపు ఆడనిస్తారా అని నన్ను అడిగింది. ఆ పిల్ల తరగతి, ఇంటి సంగతులు ఇక్కడ రాయను. మీ దగ్గరికి ఇలాంటి పిల్ల వచ్చినా ఆ వివరాలు స్టాఫ్ రూములో కూడా చెప్పకండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బడిలో రోజూ జరిగే ఆటలో ఆ పిల్లకు చోటుండాలి, అందులో నాకు సందేహం లేదు. సెలక్షన్లు, పతకాలు, పైస్థాయి పోటీలు వచ్చేసరికి ఆటను బట్టి, వయసును బట్టి ఆలోచించాలి. ఎందుకంటే అక్కడ మిగతా ఆడపిల్లల న్యాయం కూడా అంతే నిజమైనది. ఇక ఏ స్థాయిలోనైనా ఏ పిల్ల ఒంటినీ ఎవరూ పరీక్షించకూడదు. ఈ మూడూ కలిపి పాటించడం కష్టమే కానీ సాధ్యమే.

ముందు మూడు ప్రశ్నలు

ఎవరైనా "ఆడనివ్వాలా, వద్దా" అని అడిగితే వెంటనే జవాబు చెప్పకండి. ఏ ఆట, పిల్లకు ఎన్నేళ్లు, ఏ స్థాయి పోటీ అని తిరిగి అడగండి.

వయసు సంగతి మనకు పుస్తకాలు చూడకుండానే తెలుసు. నాలుగు, ఐదు తరగతుల 50 మీటర్ల పరుగులో ఆడపిల్ల మొదట రావడం స్పోర్ట్స్ డేలో మామూలే. ఆ వయసులో ఆడ, మగ తేడా చాలా తక్కువ. ఆడపిల్లల్లో యవ్వన దశ సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య మొదలవుతుంది, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య. అప్పటినుంచి మగపిల్లల్లో టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ పెరిగి ఎత్తు, కండ, ఎముకల బలం, హిమోగ్లోబిన్ అన్నీ మారిపోతాయి. పెద్దయ్యాక మగవారిలో అది లీటరుకు సుమారు 8 నుంచి 29 నానోమోల్స్ ఉంటే, ఎక్కువమంది ఆడవారిలో 2 లోపే ఉంటుంది. తొమ్మిదో తరగతిలో అదే 50 మీటర్లు పరుగెత్తించండి, మీ స్టాప్‌వాచ్ మీకే చెబుతుంది.

ఈ తేడా చివరికి ఎంతవుతుందో ప్రపంచ రికార్డులు చూస్తే తెలుస్తుంది. 100 మీటర్లలో పురుషుల రికార్డు 9.58 సెకన్లు, మహిళలది 10.49. హైజంప్‌లో 2.45 మీటర్లు, 2.10 మీటర్లు. లాంగ్ జంప్‌లో 8.95, 7.52. పరుగులో తేడా పది శాతం దరిదాపుల్లో ఉంటే దూకడంలో ఇంకా ఎక్కువ. బాలికలకు వేరే విభాగం పెట్టిందే ఇందుకోసం. అది లేకపోతే స్టేట్ మీట్ ఫైనల్లో మన ఆడపిల్ల ఒక్కతి కూడా కనిపించదు. ఈ మాట చెప్పినవాళ్లను కఠినాత్ములని అనకండి, వాళ్లు చెప్పేది నిజం.

హార్మోన్ చికిత్స తీసుకుంటే ఈ తేడా పోతుందా అని అడుగుతారు. పెద్దవాళ్ల మీద జరిగిన పరిశోధనల్లో కొంత తగ్గుతుందనీ, పూర్తిగా పోదనీ కనిపించింది. అమెరికా వైమానిక దళంలో పనిచేసే ట్రాన్స్‌జెండర్ సిబ్బంది ఫిట్‌నెస్ రికార్డులను పరిశీలించిన ఒక అధ్యయనం 2020లో వచ్చింది. రెండేళ్ల చికిత్స తర్వాత ట్రాన్స్ మహిళలకు (పుట్టినప్పుడు మగవారిగా నమోదై, తాము మహిళలమని చెప్పుకునేవాళ్లకు) పుషప్స్‌లో ఉన్న ఆధిక్యం పోయింది, కానీ పరుగులో వాళ్లు మిగతా మహిళలకన్నా 12 శాతం వేగంగానే ఉన్నారు. వాళ్లు సైన్యంలో పనిచేసే పెద్దవాళ్లు. ఆరో తరగతి పిల్లకో, యవ్వన దశ మొదలవకముందే వైద్యుల పర్యవేక్షణలో ఉన్న పిల్లకో ఆ అంకెలు అతికించకూడదు. బడి పిల్లల మీద పరిశోధన చాలా తక్కువ జరిగింది. అందుకే "సైన్స్ తేల్చేసింది" అని గట్టిగా అరిచేవాళ్లు ఏ పక్షం వాళ్లైనా కాస్త ఆగమనండి.

తర్వాత ఆట. షాట్‌పుట్, స్ప్రింట్స్, జంప్స్‌లో శరీర బలం నేరుగా ఫలితంలో కనిపిస్తుంది. కబడ్డీలో బరువూ పట్టూ ముఖ్యం, పైగా ఒకరి మీద ఒకరు పడతారు కాబట్టి దెబ్బల భయం కూడా ఉంటుంది. ఖోఖోలో వేగం కావాలి కానీ మలుపు తిరగడం, పోల్ దగ్గర సమయస్ఫూర్తి, ఖో ఇచ్చే తెలివి సగం ఆటను నడిపిస్తాయి. క్యారమ్స్, చెస్ దగ్గర బడిలో ఈ చర్చ పెట్టడమే అనవసరమని నా ఉద్దేశం. అందరినీ కలిపి ఆడించండి.

శరీరాలు వెతకొద్దు

నాకు అన్నిటికన్నా టెన్షన్ పుట్టించేది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

మా కబడ్డీ జట్టులోకి కొత్త పిల్ల వచ్చి నలుగురిని ఎత్తి పడేసిందనుకోండి, అవతలి బడి వాళ్ల నుంచి ఒక గొంతు తప్పకుండా లేస్తుంది: "ఆ పిల్ల నిజంగా ఆడపిల్లేనా?" జుట్టు కత్తిరించుకున్నా, గొంతు కాస్త బొంగురుగా ఉన్నా, పై పెదవి మీద నూగు ఉన్నా ఇదే మాట. ఆ పిల్లలందరూ పుట్టుకతో ఆడపిల్లలే. పీసీఓఎస్ (ఆడవారిలో వచ్చే ఒక హార్మోన్ సమస్య) ఉన్న పిల్లలు, పొలం పనిలో కండ పట్టిన పిల్లలు, పొడుగ్గా పెరిగిన పిల్లలు. ట్రాన్స్‌జెండర్ పిల్లలను ఆపుతామని మొదలుపెట్టిన వేట చివరికి వీళ్ల మీదకే వస్తుంది.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో 2022లో జరిగింది చూడండి. ఒక పోటీలో ఒక అమ్మాయి మొదటి స్థానంలో వచ్చింది. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఆమె మీద ఫిర్యాదు చేశారు. అక్కడి హైస్కూల్ క్రీడల సంఘం ఆ పిల్లకు కూడా చెప్పకుండా కిండర్‌గార్టెన్ నుంచి ఆమె బడి రికార్డులన్నీ తిరగేసింది. మొదటినుంచీ ఆమె ఆడపిల్లే. అదే ఏడాది ఆ రాష్ట్ర గవర్నర్ స్పెన్సర్ కాక్స్, ట్రాన్స్‌జెండర్ పిల్లలను బాలికల ఆటల నుంచి నిషేధించే బిల్లును వీటో చేస్తూ కొన్ని లెక్కలు రాశారు. రాష్ట్రంలో హైస్కూల్ ఆటలాడే పిల్లలు 75,000 మంది, వాళ్లలో ట్రాన్స్‌జెండర్ పిల్లలు నలుగురు, బాలికల ఆటల్లో ఉన్నది ఒక్కరు. అయినా చట్టసభ ఆ వీటోను తోసిపుచ్చి బిల్లును చట్టం చేసింది.

మన దేశపు సంగతి మనకు ఇంకా బాగా తెలియాలి. తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో రజతం గెలిచింది. లింగ నిర్ధారణ పరీక్ష చేసి ఆ పతకాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ విషయం దేశమంతా టీవీల్లో మారుమోగింది. ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌ను ఒంట్లో సహజంగానే టెస్టోస్టెరాన్ ఎక్కువుందని 2014లో కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జూలైలో ఆ టెస్టోస్టెరాన్ పరిమితి నిబంధన అమలు నిలిచిపోయింది. ఆమె శిక్షణ తీసుకున్నది మన గచ్చిబౌలిలోని పుల్లెల గోపీచంద్ అకాడమీలోనే. 2018 ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లు రెండింటిలోనూ రజతాలు తెచ్చింది.

శాంతి, ద్యుతీ ట్రాన్స్‌జెండర్లు కారు. పుట్టినప్పటినుంచీ ఆడపిల్లలుగా పెరిగినవాళ్లు, వాళ్ల శరీర నిర్మాణంలో సహజంగా ఉన్న తేడా వేరే విషయం. పేరెంట్స్ మీటింగుల్లో ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడతారు. అక్కడికక్కడే విడదీసి చెప్పండి.

కాబట్టి అవతలి జట్టు మేనేజర్ వచ్చి "ఒకసారి చెక్ చేయించండి" అంటే జవాబు ఒక్కటే: "మా బడి ఇచ్చిన పత్రాలు ఉన్నాయి. అభ్యంతరం ఉంటే నిర్వాహకులకు రాతపూర్వకంగా ఇవ్వండి. పిల్లను ఎవరూ ముట్టుకోరు, ఏ గదిలోకీ తీసుకెళ్లరు." ఈ మాట అంటున్నప్పుడు పిల్ల పక్కనే ఉండండి, పిల్లను మాత్రం ముందుకు తేవద్దు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లను బట్టలు విప్పమనడం పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) దాకా వెళ్లే సంగతని అందరి ముందూ చెప్పడానికి మొహమాటపడకండి.

చట్టం ఎంతవరకు చెబుతుంది

సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపు హక్కును ఒప్పుకుంది. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం చేసింది, 2020 జనవరి 10 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులో మనకు కావలసింది 13వ సెక్షన్. ప్రభుత్వ నిధులు పొందే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు చదువుతో పాటు ఆటలు, వినోదంలో కూడా వివక్ష లేకుండా మిగతావారితో సమానంగా అవకాశం ఇవ్వాలని ఆ సెక్షన్ చెబుతుంది. ప్రైవేటు బడి అయినా గుర్తింపు ఉంటే ఇది వర్తిస్తుంది. "మేం ప్రైవేటు కదా" అనే కరస్పాండెంట్ గారికి ఈ లైను చూపించండి. ఇలాంటి చట్టాలకు సవరణలు వస్తుంటాయి కాబట్టి తాజా ప్రతి ఒకటి ప్రింటు తీసి హెచ్.ఎం. గది ఫైల్లో ఉంచండి.

అయితే ఆ పిల్లను బాలికల జట్టులో పెట్టాలా, బాలుర జట్టులో పెట్టాలా అన్నది ఆ సెక్షన్‌లో లేదు. ఆట నుంచి తీసేయకూడదు, అంతవరకే స్పష్టం. మిగతాది మనం ఆలోచించాల్సిందే. బడుల కోసం ఎన్.సి.ఇ.ఆర్.టి. 2021లో ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి ఒక శిక్షణ పుస్తకం తెచ్చింది కానీ, అభ్యంతరాలు రావడంతో కొద్ది రోజుల్లోనే వెబ్‌సైట్ నుంచి తీసేసింది.

2019 చట్టం ప్రకారం గుర్తింపు పత్రానికి జిల్లా మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేసుకోవాలి, మైనర్ అయితే తల్లిదండ్రులో సంరక్షకులో చేయాలి. డ్రిల్ పీరియడ్‌లో ఆడించడానికి ఆ పత్రం అడగకండి. తొక్కుడుబిళ్ల ఆడటానికి ఎవరినీ కాగితం అడగం కదా.

పిల్లతో మాట్లాడటం

నా దగ్గరికి వచ్చిన పిల్లను గ్రౌండ్ పక్కన వేపచెట్టు కింద కూర్చోబెట్టుకున్నాను. అందరికీ కనిపించే చోటు, ఎవరికీ వినిపించని చోటు. గది తలుపు వేసి మాట్లాడటం మీకూ మంచిది కాదు, పిల్లకూ మంచిది కాదు.

అడగాల్సినవి చాలా మామూలు ప్రశ్నలు. ఏ ఆట ఇష్టం? ఎందుకు ఇష్టం? ఇప్పుడు అబ్బాయిలతో ఆడుతున్నప్పుడు ఏం ఇబ్బంది? నిన్ను ఏ పేరుతో పిలవమంటావు, అది అందరి ముందూనా, నా దగ్గరేనా? బట్టలు ఎక్కడ మార్చుకుంటే నీకు భయం లేకుండా ఉంటుంది? ఇంట్లో ఎవరికి తెలుసు? ఒంటి గురించి, మందుల గురించి, ఆపరేషన్ గురించి అడగకండి. అది డాక్టర్ పని.

ఆ పిల్ల చెప్పింది విన్నాక నాకు అర్థమైంది, తనకు కావలసింది పతకం కాదు. అబ్బాయిల వైపు ఆడేటప్పుడు ప్రతి ఖోకీ వీపు మీద గట్టిగా చరుస్తారు, 'తేడా' అని నవ్వుతారు, తను నడిస్తే అనుకరిస్తారు. దాంతో డ్రిల్ పీరియడ్ రోజుల్లో కడుపునొప్పి అని ఇంట్లోనే ఉండిపోతోంది. మీ దగ్గర కూడా మొదట కనిపించేది ఇలాంటి గైర్హాజరే. హాజరుపట్టీలో ఒక పిల్ల డ్రిల్ ఉన్న రోజే మాయమవుతుంటే కారణం వెతకండి.

ఇంట్లో చెప్పడం గురించి తొందరపడొద్దు. "మీ అబ్బాయి ఇలా అంటున్నాడు" అని ఫోన్ చేసేస్తే ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలియదు. పిల్లను అడిగి, బడి కౌన్సెలర్ ఉంటే ఆమెను కలుపుకొని, ఇంట్లో ఎవరు మెత్తని మనిషో తెలుసుకొని వాళ్లతో మొదలుపెట్టండి. చాలాసార్లు అమ్మమ్మో పెద్దక్కో ఉంటారు. పిల్లను కొడుతున్నారని, ప్రాణానికి ప్రమాదమని అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడానికి వెనకాడకండి.

జట్టులో ఉన్న అమ్మాయిల మాట

ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు. నేను ఒప్పుకోను. నా జట్టులో ఉన్న అమ్మాయిల్లో కొందరు ఇంట్లో పోట్లాడి గ్రౌండ్‌కు వచ్చేవాళ్లు. "షార్ట్స్ వేసుకుంటావా", "నల్లబడిపోతావు", "పెద్దమనిషివి అయ్యావు, ఇంక చాలు" అన్నీ విని వచ్చినవాళ్లు. ఒకరికి హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ మీద ఆశ ఉండేది, ఇంకొకరికి స్పోర్ట్స్ కోటాలో ఇంటర్ సీటు మీద. వాళ్ల చోటు పోతుందేమో అన్న భయాన్ని "నీకు జాలి లేదా" అని నోరు మూయించడం అన్యాయం.

ట్రాన్స్‌జెండర్ పిల్ల లేనప్పుడు, ఆ పిల్ల పేరెత్తకుండా జట్టు అమ్మాయిలతో విడిగా మాట్లాడండి. "మన ప్రాక్టీసులో ట్రాన్స్‌జెండర్ అమ్మాయి ఉంటే మీకు ఏ విషయంలో ఇబ్బంది, ఏ విషయంలో లేదు" అని అడిగి చీటీల మీద రాయించండి. పేర్లు వద్దు. మావాళ్లు రాసినవి చదివితే పెద్దల వాట్సాప్ గొడవకూ వీళ్ల మాటకూ పోలికే లేదు. ఖోఖోలో ఓకే అన్నవాళ్లు ఎక్కువ. కబడ్డీలో తొడ పట్టుకోవడం, మీద పడటం దగ్గర చాలామంది వెనకాడారు. బట్టలు మార్చుకునే చోటు గురించి దాదాపు అందరూ రాశారు. ఒక చీటీలో "సెలక్షన్‌లో నా ప్లేస్ పోదంటే నాకు ఫ్రెండే" అని ఉంది. ఆ చీటీ రాసిన పిల్ల అడిగినదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు.

బట్టల గది సంగతి తేలిగ్గా తేలుతుంది. గడియ ఉన్న ఒక్క మనిషి గది ఒకటి చూపించండి, స్పోర్ట్స్ స్టోర్ రూమైనా సరే, ఎవరికి సిగ్గనిపిస్తే వాళ్లు వాడుకుంటారు. ట్రాన్స్‌జెండర్ పిల్ల కోసం అని బోర్డు పెట్టకండి.

ఒక్కో స్థాయిలో ఒక్కో పద్ధతి

డ్రిల్ పీరియడ్, సాయంత్రం ప్రాక్టీసు: ఆడనివ్వండి, తనకు ఎటువైపు ఇష్టమైతే అటు. కబడ్డీ అయితే ఎత్తు, బరువు చూసి జతలు కట్టండి. నిజానికి అందరికీ ఈ పద్ధతే మేలు, 32 కేజీల ఆరో తరగతి పిల్లను 55 కేజీల పిల్ల మీదికి రైడ్‌కు పంపే పీఈటీ ఎవరికైనా దెబ్బే తెస్తాడు.

హౌస్ మ్యాచ్‌లు: ఇక్కడ కూడా నా ఓటు ఆడించడానికే. బ్లూ హౌస్ గెలిచిందా, గ్రీన్ హౌస్ గెలిచిందా అన్నది వారం దాటితే ఎవరికీ గుర్తుండదు. మిక్స్‌డ్ ఖోఖో, మిక్స్‌డ్ రిలే కొన్ని పెట్టండి, సగం చిక్కు విడిపోతుంది.

స్పోర్ట్స్ డే వ్యక్తిగత పోటీలు: చిన్న తరగతుల్లో సమస్య లేదు. ఎనిమిది దాటాక, 100 మీటర్లు, షాట్‌పుట్ లాంటివాటిలో ఒక చోటు అదనంగా పెట్టే పద్ధతి ఆలోచించండి. కాలిఫోర్నియా హైస్కూల్ క్రీడల సంఘం 2025లో ఇలాంటిదే చేసింది. రాష్ట్ర ఫైనల్స్‌లో ట్రాన్స్‌జెండర్ అమ్మాయి ఉన్న ఈవెంట్లలో మరో అమ్మాయికి అదనంగా చోటిచ్చారు. ఆమె వల్ల ఎవరి స్థానమూ కిందికి జరగకుండా పతకాలిచ్చారు. పోడియం మీద ఒకే మెట్టు మీద ఒకరికన్నా ఎక్కువమంది నిలబడ్డారు. అది రెండు పక్షాల్లోనూ అందరికీ నచ్చలేదు. కానీ ఇద్దరు పిల్లల్లో ఎవరినీ ఇంటికి పంపలేదు. బడి స్థాయిలో మనకు అదనపు పతకం ఖర్చు నూటయాభై రూపాయలు దాటదు.

జోనల్, జిల్లా, రాష్ట్ర స్థాయి: ఇక్కడ మీ ఇష్టం చెల్లదు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ కింద అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో బాలురు, బాలికలు అని విడిగా ఎంట్రీలు తీసుకుంటారు. హెచ్.ఎం. సంతకం పెట్టిన వివరాలు బడి రికార్డుతో సరిపోవాలి. రికార్డులో లేనిది ఫారంలో రాయకండి. రాస్తే బయటపడ్డ రోజు ఆ పిల్ల పేరు పత్రికల్లోకి ఎక్కుతుంది, మీ జట్టు మొత్తం డిస్‌క్వాలిఫై అవుతుంది.

పిల్లకు కూడా ముందే నిజం చెప్పండి. ఈత సమాఖ్య 2022లో, అథ్లెటిక్స్ సమాఖ్య 2023 మార్చిలో, క్రికెట్ మండలి 2023 నవంబరులో తమ అంతర్జాతీయ మహిళల పోటీల్లో మగ యవ్వన దశ దాటిన ట్రాన్స్ మహిళలకు చోటు లేదని నిర్ణయించాయి. ఈతలో 12 ఏళ్లలోపే ఆ దశ ఆగినవారికి మినహాయింపు పెట్టారు. అమెరికాలో 2020లో ఐడహో మొదలుపెట్టాక ఇరవైకి పైగా రాష్ట్రాలు బడి ఆటలకే ఇలాంటి చట్టాలు చేశాయి. ఐడహో, వెస్ట్ వర్జీనియా చట్టాల మీద అక్కడి సుప్రీంకోర్టు 2026 జనవరిలో వాదనలు విన్నది. అక్కడి చట్టాలు మన బడికి వర్తించవు. కానీ ఒలింపిక్స్ కలగనే పిల్ల అయితే ఆ తలుపు ఇప్పుడు ఎంత ఇరుకో పద్నాలుగేళ్లకే తెలుసుకోవాలి. పంతొమ్మిదేళ్లకు తెలిసి కుప్పకూలడం కన్నా అది నయం. చెప్పేటప్పుడు దాంతో పాటే కోచింగ్, అంపైరింగ్, స్కోరింగ్, అబ్బాయిల విభాగంలో గౌరవంగా ఆడగలిగే ఏర్పాటు, ఓపెన్ విభాగాలు అన్నీ చెప్పండి. హైదరాబాద్ గోషామహల్ పోలీస్ గ్రౌండ్‌లో 2024 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పరీక్షలు పెట్టి ట్రాఫిక్ విధుల్లోకి తీసుకున్నారు. వాళ్లను సిగ్నల్ దగ్గర చూసిన రోజు మా పిల్ల ఎంత సంబరంగా వచ్చి చెప్పిందో! గ్రౌండ్‌లో నేర్చుకున్నది ఉద్యోగం దాకా పనికొస్తుందని ఆ పిల్లలకు చూపించేవాళ్లు కావాలి.

తల్లిదండ్రులకు జవాబులు

ఎవరైనా గ్రూపులో వీడియో పెట్టి నిలదీస్తే అక్కడ వాదించకండి. "రేపు మూడున్నరకు బడికి రండి, కూర్చొని మాట్లాడదాం" అని ఒక్క లైను రాయండి. వచ్చినవాళ్లు అడిగేవి ఎక్కువగా ఇవే.

"మా పాప మెడల్ పోతే ఎవరిది బాధ్యత?" అంటే, "బడి పోటీల్లో మీ పాప స్థానం కిందికి జరగదు, అలా ఏర్పాటు చేశాం. పై పోటీల్లో వాళ్ల నిబంధన ప్రకారమే వెళ్తాం" అని చెప్పండి. పైన చెప్పిన ఏర్పాటు నిజంగా చేసి ఉంటేనే ఈ మాట అనగలరు.

"రేపు మగపిల్లలందరూ అమ్మాయిలమని వస్తే?" ఈ ప్రశ్నకు ఓపికగా చెప్పాలి. ఒక కబడ్డీ కప్పు కోసం తరగతిలో రోజూ ఎగతాళి పడటానికి ఏ పిల్లవాడు సిద్ధపడతాడో వాళ్లనే ఆలోచించమనండి.

"ఆ పిల్ల ఎవరు?" అంటే జవాబు చెప్పొద్దు. ఎంత పలుకుబడి ఉన్న పేరెంటైనా సరే.

ఇంకో రకం తల్లిదండ్రులు ఉంటారు, మీటింగ్ అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, గేటు దగ్గర గొంతు తగ్గించి "మేడమ్, మా వాడు కూడా కొంచెం అట్లనే ఉంటడు" అంటారు. ఆ రోజు ఇంటికి ఎంత ఆలస్యమైనా వాళ్లకు టైమివ్వండి.

నిర్వాహకులకు ఉత్తరం

పై పోటీకి పంపాలన్న ఆలోచన ఉంటే ఎంట్రీల చివరి తేదీకి కనీసం నెల ముందు నిర్వాహకులకు హెచ్.ఎం. లెటర్‌హెడ్ మీద రాయండి. ఫోన్‌లో అడిగితే "చూద్దాం లెండి" అంటారు, అది జవాబు కాదు. ఉత్తరంలో పిల్ల పేరు, ఫొటో ఉండకూడదు. ఆట, వయసు విభాగం, "మా బడిలో ఒక ట్రాన్స్‌జెండర్ విద్యార్థి ఉన్నారు, 2019 చట్టం 13వ సెక్షన్ దృష్ట్యా ఏ విభాగంలో, ఏ పత్రాలతో ఎంట్రీ ఇవ్వాలో రాతపూర్వకంగా తెలపగలరు" అన్న ఒక్క ప్రశ్న, అంతే. ఒక ప్రతి మండల విద్యాధికారికి, ఒక ప్రతి మీ ఫైలుకు. అందినట్టు ముద్ర వేయించుకోండి. పది రోజుల్లో సమాధానం రాకపోతే మొదటి ఉత్తరం తేదీ వేసి రెండోది రాయండి. అనుమతి వస్తే ఆ కాగితం జిరాక్స్ టోర్నమెంట్‌కు మీ సంచిలో ఉండాలి. కుదరదని వస్తే ఆ సంగతి పిల్లకు జట్టు లిస్టు బోర్డు మీద పెట్టడానికి ముందు రోజే, మీరే, విడిగా చెప్పాలి. ఆ సాయంత్రం ప్రాక్టీసు ఎప్పటిలాగే పెట్టి, తనకూ ఎప్పటిలాగే చేజింగ్ ఇవ్వండి.